టమాటా ఆకుల నాడి పట్టిన చెయ్యి

మూఢనమ్మకాల మీద నేను చేసిన యుద్ధాలలో గెలిచినవి కొన్ని, ఓడినవి కొన్ని, ఎవరు గెలిచారో ఇప్పటికీ తేలనివి మరికొన్ని. కానీ దండోరా నేనే వేయించి, జనాన్ని నేనే పోగుచేసి, శత్రువు చేతికి కత్తి నేనే అందించి, ఆఖరికి మెడ కూడా నేనే వంచి నిలబడిన యుద్ధం మాత్రం ఒక్కటే. అది మా దొడ్లో, టమాటా మొక్కల మధ్య జరిగింది. ఆ ఆదివారంతో ఉదయగిరిలో, కనీసం మా వీధి మేరకు, హేతువాదం మంచం పట్టింది. దాన్ని లేపి కూర్చోబెట్టడానికి నాకు ఏళ్ళు పట్టింది. ఆ కథ చెబుతాను, నవ్వుకోండి. నవ్వడానికి ఏ నమ్మకమూ అక్కర్లేదు.

తొంభైల తొలి రోజులు. నేను ఉదయగిరిలో సాంఘికశాస్త్రం పంతుల్ని. సైన్సు పంతుల్ని కాదు. ఈ ముక్క మీరు ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. అప్పట్లో నేను పెట్టుకోలేదు. నెల్లూరులో చదువుకునే కాలంలో సంస్కరణ సభల్లో, చర్చావేదికల్లో నలిగినవాణ్ణి. జాతకం, ముహూర్తం, దిష్టి, శకునం అన్న మాట ఎక్కడ వినబడినా నా చెయ్యి దానంతటదే పైకి లేచి, నోరు ‘అధ్యక్షా!’ అనేది. ఇంట్లో కూడా అంతే.

“అధ్యక్షా! పిల్లి ఎదురొస్తే ఆగడమంటే, పిల్లికి మన ప్రయాణం మీద అధికారం ఇవ్వడమే...”

“నేను అధ్యక్షురాల్ని కాదు, గిన్నెలు తోముతుండాను. కాస్త జరగండి,” అనేది మా ఆవిడ సుశీల.

ఆ చర్చావేదికల్లో పెద్దలందరూ చుట్ట కాల్చేవాళ్ళు. వాళ్ళ దగ్గర తర్కం ఎంత నేర్చుకున్నానో చెప్పలేను గానీ చుట్ట మాత్రం సంపూర్ణంగా నేర్చుకున్నాను. వరికుంటపాడు వైపు నుంచి ఒక మిత్రుడు పొగాకు పంపేవాడు. దాన్ని తడిపి, ఈనె తీసి, వేళ్ళతో నలిపి, స్వయంగా చుట్టుకోవాలి. కొన్న చుట్ట కాలిస్తే కొన్న ఆలోచనలే వస్తాయని నా సిద్ధాంతం. ప్రపంచంలో ఉన్న ప్రతి నమ్మకాన్నీ ప్రశ్నించిన నేను ఈ సిద్ధాంతాన్ని ఒక్కసారీ ప్రశ్నించలేదు. ఎవడి చుట్ట వాడికి శాస్త్రీయం.

ఇక మా అమ్మ రమణమ్మ. ఉదయగిరి కొండ కింద నీళ్ళంటే ఏమిటో మీకు తెలియకపోతే చెబుతాను. అక్కడ బిందెడు నీళ్ళకు ఉద్యోగం లాగా మెట్లుంటాయి. మొదట బియ్యం కడుగుతాయి, తర్వాత గిన్నెలు కడుగుతాయి, ఆఖరున మొక్కల దగ్గర రిటైరవుతాయి. అట్లాంటి రిటైరైన నీళ్ళతో మా అమ్మ దొడ్లో టమాటా వేసింది. వేసిందంటే తను వేయలేదు. రూతమ్మత్త చేత వేయించింది.

రూతమ్మత్త మా పక్కింటావిడ. చర్చిలో పాట ఎత్తుకుంటే మా ఇంట్లో గిన్నెలు మోగేవి. ఆమెకూ మా అమ్మకూ నేను పుట్టకముందు నుంచీ స్నేహం. మా వీధిలో ఒక ఆచారం ఉండేది. ఎవరు ఏ విత్తనం పెట్టాలన్నా మొదటి గింజ రూతమ్మత్త చేత పెట్టించేవాళ్ళు. ‘ఆమె చెయ్యి మంచిది’ అని. చిక్కుడు పాదుకు, మిరప నారుకు, ఆఖరికి ఆవకాయ జాడీలో మొదటి ముక్కకు కూడా ఆమే. గుడికి పోయేవాళ్ళు, మసీదుకు పోయేవాళ్ళు, అందరూ పిలిచేవాళ్ళు. “నా చేతిలో ఏముండాది, ప్రభువు దయ” అంటూనే కొంగు నడుముకు దోపుకొని వచ్చేది. ఆ పిలుపంటే ఆమెకు ప్రాణం. పిల్లలు లేని మనిషి, భర్త పోయిన మనిషి. వీధిలో మొలిచిన ప్రతి మొలకా ఆమెకు మనవడో మనవరాలో.

మంచి చెయ్యీ లేదు, చెడ్డ చెయ్యీ లేదు, ఉన్నదల్లా విత్తనమూ నీరూ ఎండా అని నేను అరుగు మీద కూర్చుని ఉపన్యసిస్తూనే ఉన్నాను. మొక్కలు నా ఉపన్యాసం వినకుండా, రూతమ్మత్త చేతికి మర్యాదిచ్చి, నడుమెత్తు పెరిగాయి.

అప్పుడు నేను రంగప్రవేశం చేశాను. పక్క పిలకలు గిల్లేస్తే టమాటా కాపు బాగుంటుందని ఎక్కడో చదివాను. చదివినవాడు చదివి ఊరుకుంటాడా? రోజూ పొద్దున కాఫీ తాగి, చుట్ట చుట్టుకొని, ముట్టించి, పెద్దాసుపత్రి డాక్టరు రౌండ్లకు బయలుదేరినట్టు దొడ్లోకి నడిచేవాణ్ణి. ఒక్కో ఆకును రెండు వేళ్ళ మధ్య పట్టుకొని నాడి చూసేవాణ్ణి. పిలక కనబడితే గిల్లేవాణ్ణి.

“మొక్కల్ని అట్టా పిసకబాకురా,” అనేది అమ్మ.

“పిసకడం కాదమ్మా, పరీక్ష.”

“ఏదో ఒకటి. పిసకబాకు.”

ఒకరోజు రూతమ్మత్త గోడ మీదుగా తొంగిచూసి, రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకొని, “రమణొదినా! ఏం ఏపుగా ఉండాయే! వీధికంతా నువ్వే పంచాల ఈ ఏడు!” అంది.

తర్వాత కొద్దిరోజులకే ఆకులు జబ్బుపడ్డాయి. ముదురాకుపచ్చ మధ్యలో లేత పసుపు, ఎవరో అద్దకం వేసి సగంలో లేచిపోయినట్టు. కొన్ని ఆకులు ముడతలు పడ్డాయి, కొన్ని సన్నగా సాగి కరివేపాకు వేషం కట్టాయి. మొక్క ఎదుగుదల ఆగిపోయింది.

అమ్మ ఆకును చూసింది. గోడ వైపు చూసింది. ఎండుమిరపకాయలూ ఉప్పూ గుప్పిట్లో పట్టుకొని మొక్కల చుట్టూ తిప్పింది. ఒక పాత చెప్పు కట్టింది. ఆ చెప్పు నాదే. రెండో చెప్పు ఉత్తదైపోయింది.

“అధ్యక్షా!” అన్నాను. “చూపులో ఆకుల్ని మాడ్చే శక్తే ఉంటే, నేను రోజూ చూసే పరీక్ష పేపర్లన్నీ ఈపాటికి బూడిదయ్యేవి!”

“నువ్వు నోరు మూసుకో. ఆ మాట ఆమె అన్నప్పుడే నా గుండె గుబేలుమనింది.”

ఇంట్లో అన్న మాట ఇంట్లో ఉంటే ఈ కథ లేదు. అమ్మ మర్నాడు బోరింగు దగ్గర అదే మాట అన్నది. బోరింగు దగ్గర అన్న మాటకు కాళ్ళు కాదు, బస్సు టిక్కెట్టే ఉంటుంది. సాయంత్రానికి వీధి మొత్తం తిరిగి రూతమ్మత్త గడపలో దిగింది. ఆమె మా వాకిట్లోకి వచ్చి లోపలికి రాకుండా నిలబడింది.

“వదినా, నా కన్ను చెడ్డదన్నావంట. గింజ పెట్టిన చెయ్యి కూడా నాదే గదా. అది కూడా చెడ్డదేనా?”

అమ్మ తల ఎత్తలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, “నేనేమన్నానో నాకు గుర్తులేదు. ఆకులు మాత్రం మాడినాయి,” అంది.

“సరే. ఇంక నీ దొడ్లో మట్టి ముట్టను,” అని రూతమ్మత్త వెళ్ళిపోయింది.

మర్నాడు ఎదురింటి కోడలు, బెండ గింజలు పెట్టడానికి రమ్మని అప్పటికే పిలిచిన పిల్ల, ‘ఇప్పుడొద్దులే అత్తా, తర్వాత చూద్దాం’ అని కబురు పంపింది. తర్వాత మరొకరు. ఆ తర్వాత పిలిచేవాళ్ళే లేరు. రూతమ్మత్త పాట మా ఇంటికి వినబడటం మానేసింది. గోడకు ఇవతల అమ్మ, అవతల ఆమె, ఇద్దరూ పొద్దుగూకేదాకా ఊరికే కూర్చునేవాళ్ళు. అమ్మకు అన్నం సయించేది కాదు. సుశీల వండిన పులుసులో ఉప్పెక్కువైందనేది, మరుసటి రోజు తక్కువైందనేది. సుశీల రెండు రోజులూ ఉప్పు ఒకే లెక్కన వేసింది.

ఇది చూసి నా రక్తం మరిగింది. ఒక నిర్దోషి మీద దిష్టి నేరం మోపబడింది. న్యాయవాది కావాలి. నేనున్నాను.

నేరం ఆమెది కాదని తేలాలంటే అసలు దోషి దొరకాలి గదా. అందుకని రోగనిర్ణయానికి దిగాను. ఒక మిత్రుడి దగ్గర పైర్ల తెగుళ్ళ పుస్తకం సంపాదించాను. మంచి పుస్తకమే. ఒకటే లోటు, బొమ్మలన్నీ నలుపుతెలుపులో ఉన్నాయి. పసుపు మచ్చ, ఎర్ర మచ్చ, గోధుమ మచ్చ అని కింద రాసి ఉంది. పైన చూస్తే అన్నీ నల్ల మచ్చలే. వైద్యగ్రంథం చదివినవాడికి అందులోని జబ్బులన్నీ తనకే ఉన్నట్టు తోస్తుందంటారు. నాకు అవన్నీ మా టమాటాలకు ఉన్నట్టు తోచాయి.

మొదటి తీర్పు, పోషకాహార లోపం. యూరియా తెచ్చి ప్రేమకొద్దీ గుప్పిళ్ళు చల్లాను. పెళ్ళి విందులో వడ్డించినట్టు వడ్డిస్తే ఆకుల అంచులు కాలిపోయాయి. అంతవరకూ ఒక జబ్బుండేది, ఇప్పుడు రెండయ్యాయి.

రెండో తీర్పు, ఆకుమచ్చ తెగులు. మైలుతుత్తం, సున్నం కలిపి చల్లాను. మొక్కలు నీలమయ్యాయి, గోడ నీలమైంది, అటుగా పోయిన మా తెల్ల కోడి నీలమైంది. మా వీధి చివర చెక్క గరిటెలు చెక్కే మస్తాన్ భాయ్ వచ్చి చూసి, “సారూ, టమాటాలు కాసేటట్టు లేవు గానీ ఇంటికి వెల్ల బాగా పడింది,” అన్నాడు.

మూడో తీర్పు, పేనుబంక. పేను ఒక్కటీ కనబడలేదు. కనబడకపోవడమే దాని తెలివి అనుకున్నాను. దీనికి పొగాకు నీళ్ళు మంచివని పెద్దలు చెబుతారు. పొగాకుకు నా దగ్గర కరువేముంది! బకెట్లో నానబెట్టి, గుడ్డ ముంచి, పసిబిడ్డ ముఖం తుడిచినట్టు ఒక్కో ఆకునూ రుద్ది రుద్ది తుడిచాను. వారంలో మిగిలిన నాలుగు మంచి ఆకులూ తోటివాళ్ళలో కలిశాయి.

“రోగం కుదిరిందా?” అంది సుశీల.

“రోగం కుదురుగా ఉండాది. మొక్కే నిలబడలేదు.”

మొక్కలు పోయాయి. కేసు తేలకుండానే సాక్ష్యం చచ్చిపోయింది. ఇక్కడ ఏ తెలివైనవాడైనా ఆగిపోతాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట ఓడినవాణ్ణి గనక నేరుగా రచ్చకే పోదామని నిర్ణయించుకున్నాను. ప్రయోగం! కళ్ళెదుట, వీధి మొత్తం చూస్తుండగా, శాస్త్రీయ ప్రయోగం!

రూతమ్మత్త ఇంటికి పోయాను.

“అత్తా, నీ చేతిలో ఏ మహిమా లేదని రుజువు చేస్తాను.”

ఇట్లా మొదలుపెట్టకూడదని ఇప్పుడు తెలుసు. ఆమె విసనకర్ర ఆపి చూసింది.

“ఉందని నేనెప్పుడన్నాను అబ్బయ్యా? ఉన్న కాస్త మర్యాదా పోయింది, ఇంకేం తీయాలని వచ్చినావు?”

“అది గాదత్తా. మహిమ లేకపోతే దోషమూ లేనట్టే గదా. ఒకే నారు, ఒకే మట్టి, ఒకే నీళ్ళు. రెండు మడులు. ఒకటి నువ్వు మాత్రమే ముట్టాలి. రెండోది వేరే మనిషి మాత్రమే ముట్టాలి. రెండూ ఒకే మాదిరి పెరిగితే, చెయ్యి అనేది ఏమీ లేదని తేలిపోతాది.”

“ప్రభువును పరీక్షించగూడదు.”

“ప్రభువును గాదు, టమాటాని.”

ఆమె విసనకర్ర పక్కన పెట్టి, మా గోడ వైపు చూసింది. తర్వాత, “మీయమ్మ చూస్తాదా?” అంది.

“వీధంతా చూస్తాది.”

“వీధి సంగతి సరే. మీయమ్మ చూస్తాదా?”

“చూస్తాదత్తా.”

“అయితే వస్తాను.”

రెండో మడికి మనిషి కావాలి. పక్షపాతం లేనివాడు, నమ్మకాలు లేనివాడు, శాస్త్రం మీద గౌరవం ఉన్నవాడు. వీధంతా వెతికాను. అద్దంలో కనబడ్డాడు.

మస్తాన్ భాయ్ రెండు చెక్క పలకలు చెక్కి ఇచ్చాడు. ఒకదాని మీద ‘రూతమ్మత్త’, రెండోదాని మీద ‘శాస్త్రం’ అని రాసి మడుల్లో పాతాను. ‘నేను’ అని రాసి ఉంటే ఎంత బాగుండేది! మధ్యన కందికంప దడి కట్టాను. ఒకరి మడి ఒకరు ముట్టకూడదు, మూడో మనిషి ఏదీ ముట్టకూడదు. నియమాలు కఠినం. ఆ నియమాలే నా కొంపకు నిప్పు పెడతాయని నాకేం తెలుసు?

రూతమ్మత్త రోజూ వచ్చేది. నీళ్ళు పోసి, సన్నగా పాట కూనిరాగం తీసి, మొక్కను వేలితోనైనా తాకకుండా వెళ్ళేది. అమ్మ గడపలో కూర్చుని చూసేది. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు. మాట్లాడవలసి వస్తే మా నీలం కోడితో మాట్లాడేవాళ్ళు.

“కోడీ, అంత పెద్ద బిందె నడుం మీద మోస్తే నొప్పి చెయ్యదా అని అడుగు,” అనేది అమ్మ.

“నడుం నొప్పి ఓర్చుకోవచ్చు, మాట నొప్పే కష్టమని చెప్పవే కోడీ,” అనేది రూతమ్మత్త.

కోడి ఇద్దరికీ న్యాయం చేయలేక తవుడు గిన్నె దగ్గరకు పోయేది.

నేనో? నా మడిని కంటికి రెప్పలాగా చూసుకున్నాను. పొద్దున కాఫీ, చుట్ట, రౌండ్లు. ఆకు ఆకుకూ పరామర్శ. పిలక పిలకకూ గిల్లుడు. ఇంత శ్రద్ధ తీసుకున్నా నా మడిలో మళ్ళీ ఆ పసుపు అద్దకం మొదలైంది. నాకు పట్టుదల పెరిగింది. ఉదయం మాత్రమే చూసేవాణ్ణి సాయంత్రం కూడా చూడసాగాను. జబ్బుపడ్డ ఆకును పట్టుకున్న వేళ్ళతోనే బాగున్న ఆకును ఓదార్చాను. మడి మొత్తం పడుకుంది. దడికి అవతల రూతమ్మత్త మడి, పెళ్ళికెళ్ళే పిల్లలాగా మెరిసిపోతోంది.

సుశీల మెల్లగా అంది: “జనాన్ని పిలవకముందే ఆపేస్తే బాగుంటాదేమో.”

“శాస్త్రం ఫలితాన్ని దాచదు సుశీలా! ఏదో కారణం ఉండే ఉంటాది. తూము వైపు మట్టి కావచ్చు, ఎండ కావచ్చు. ఏ కారణమైనా సరే, చెయ్యి మాత్రం కాదు!”

కారణం చెప్పడానికి ఆత్మకూరు వ్యవసాయ ఆఫీసులో పనిచేసే నాగేశ్వర్రావును పిలిపించాను. వాడు నా కాలేజీ మిత్రుడు. చర్చల్లో నా చేతిలో ఓడిపోవడం వాడికి అలవాటు. నేను మాట్లాడుతుంటే వాడికి గంట మోగేదాకా సందు దొరికేది కాదు. ఆదివారం బస్సు దిగి, బొజ్జ ముందూ తను వెనకా మా దొడ్లోకి వచ్చాడు.

“ఏందిరా భాస్కరా, ఎన్నాళ్ళకి గుర్తొచ్చినానురా! ఈసారన్నా నన్ను మాట్లాడనిస్తావా?”

“నువ్వే న్యాయనిర్ణేతవు. ఎంతసేపైనా మాట్లాడు,” అన్నాను. ఎంత ఉదారుణ్ణి!

చర్చి వదిలారు. తెల్లచీరలు వచ్చాయి. బోరింగు దగ్గరి గుంపంతా వచ్చింది. ఎదురింటి కోడలు వచ్చింది. మస్తాన్ భాయ్ గోడ మీదెక్కి కూర్చున్నాడు. అమ్మ గడపలోనే ఉంది. రూతమ్మత్త తన మడి పక్కన, చేతులు కొంగులో దాచుకొని నిలబడింది. ఆ చేతులు దాచుకున్న తీరు నేను చూశాను. చూసి, వెంటనే ఉపన్యాసం మొదలుపెట్టాను.

“అధ్యక్షా! మిత్రులారా! ఒక మడి బాగుంది, ఒక మడి బాగాలేదు. నిజమే. అయితే ఇది చేతి గుణం కాదు. శాస్త్రం నోటి నుంచే వినండి!”

నాగేశ్వర్రావు వంగి ఆకు చూశాడు. భూతద్దం తీసి చూశాడు. తిప్పి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

“ఈ మడిని ఎవరెవరు ముట్టినారు?”

“నేనొక్కడినే.”

“నిక్కచ్చిగా?”

“ఇంకెవరూ ముట్టకూడదని నియమం పెట్టినాను. వీధంతా సాక్ష్యం,” అన్నాను గర్వంగా.

“ముట్టినారు ముట్టినారు, సారొక్కరే!” అన్నాడు మస్తాన్ భాయ్ గోడ మీద నుంచి.

“ఎట్టా ముట్టినావు?”

“రోజూ ఆకులన్నీ పట్టి చూసినాను. పిలకలు గిల్లినాను.”

“దానికి ముందు ఏం చేస్తావు?”

“పళ్ళు తోముకుంటాను. కాఫీ తాగుతాను...”

“తర్వాత?”

నేను ఆలోచిస్తున్నాను. ఆడవాళ్ళ గుంపులోంచి సుశీల గొంతు స్పష్టంగా వచ్చింది: “చుట్ట చుట్టుకుంటారు.”

నాగేశ్వర్రావు కళ్ళలో ఒక దీపం వెలిగింది. చర్చావేదికల్లో వాడు ఏళ్ళ తరబడి వెలిగించాలని చూసి, నేను ఊదేసిన దీపం అది.

“చెయ్యి ఇట్టియ్యరా.”

ఇచ్చాను. వాసన చూశాడు. నా చెయ్యి అట్లాగే పట్టుకొని, పైకెత్తి, పందెం కోడిని చూపించినట్టు జనానికి చూపించాడు.

“అధ్యక్షా!” అన్నాడు. నా మాట నా దొడ్లోనే నా మీద! “పొగాకులో ఒక వైరస్ ఉంటాది. ఆకు ఎండినా అది చావదు. ఆ పొగాకును నలిపిన వేళ్ళతో టమాటాను పిసికినా, గిల్లినా, ఆ గాయంలోంచి మొక్కలోకి పోతాది. జబ్బు మొక్కను ముట్టి మంచి మొక్కను ముడితే దానికీ పోతాది. దీన్ని మొజాయిక్ తెగులంటారు. ఇదిగో పచ్చా పసుపూ కలగలుపు, ఇదిగో సన్నబడిన ఆకు. మందు లేదు. పీకి తగలబెట్టడమే. ఇంతకుముందు పోయిన మొక్కలకు ఏం వైద్యం చేసినావురా?”

అబద్ధం చెప్పవచ్చు. కానీ సత్యశోధకుణ్ణి గదా.

“పొగాకు నీళ్ళలో గుడ్డ ముంచి... ఆకులు రుద్ది... తుడిచినాను.”

వాడు మా బట్టలుతికే బండ మీద కూలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. బొజ్జ మాత్రం ఎగురుతోంది. “రుద్దినాడంట! లాబరేటరీలో పరీక్షకని మేము మొక్కకు జబ్బు ఎక్కించాలంటే అట్టనే రుద్దుతామురా!”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారు. నేను వేళ్ళు వాసన చూసుకున్నాను.

మస్తాన్ భాయ్ అందరి తరఫునా అడిగాడు: “ఒక మాట సూటిగా చెప్పండి సారూ. మొక్కలు పోయింది చెయ్యి వల్లనా కాదా?”

“చెయ్యి వల్లనే!” అన్నాడు నాగేశ్వర్రావు.

“సైన్సే చెప్పిందబ్బా! అయ్యోరి చెయ్యి చెడ్డదంట!” అని జనం గొల్లుమన్నారు.

“ఆగండి!” అని అరిచాను. “చెయ్యి కాదు! చేతి మీద ఉన్న వైరస్! దిష్టి వేరు, అంటు వేరు! ఇందులో మహిమ లేదు, శాపం లేదు, ఇది కార్యకారణ సంబంధం!”

అప్పుడు అమ్మ గడప దిగింది. “నువ్వు దానికి ఏ పేరన్నా పెట్టుకోరా నాయనా. ముట్టింది నువ్వు, మాడింది మొక్క. పిసకబాకని నేను చెప్పినానా లేదా?”

ఈసారి నా చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది.

అమ్మ నన్ను దాటుకొని, దడి దాటుకొని, నేరుగా రూతమ్మత్త ముందుకు పోయి నిలబడింది. గోల తగ్గింది. కోడి కూడా అక్కడే ఉంది గానీ దాని వైపు ఎవరూ చూడలేదు.

“రూతమ్మా,” అంది అమ్మ. “చిక్కుడు గింజలు తెప్పించినాను. పొద్దు పోకముందే పెట్టాల.”

“నా చెయ్యి మంచిది గాదు గదా వదినా.”

“నోరు మంచిది గాదు, నాది. చెడ్డ చెయ్యి ఎవరిదో ఇప్పుడు తేలింది గదా. రా.”

రూతమ్మత్త కొంగులోంచి చేతులు బయటికి తీసింది. అందులో ఒకటి అమ్మ పట్టుకుంది. ఎదురింటి కోడలు వెనక నుంచి, “తర్వాత మా ఇంటికి రావాల అత్తా, బెండ గింజలు అట్టనే ఉండాయి!” అని కేకేసింది. “మా మిరప నారు కూడా!” అని ఇంకో గొంతు. ఆమె అవునని చెప్పలేక, తల ఊపలేక, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, అట్లాగే నవ్వుతూ నిలబడింది.

నేను రుజువు చేయదలచుకున్నది, ఆమె చెయ్యి మామూలు చెయ్యి అని. రుజువు చేసింది, ఆమె చెయ్యి మంచిదనీ నా చెయ్యి చెడ్డదనీ. అనుకున్నదానికి పూర్తిగా ఎదురు. కానీ, మీరు ఎవరితోనూ అననంటే చెబుతాను, అమ్మ ఆ రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. పులుసులో ఉప్పు సరిగ్గా ఉందంది.

నా మడిని పీకి తగలబెట్టారు. ఆ తర్వాత వీధిలో నా పరిస్థితి వర్ణించనక్కర్లేదు. నేను నడిచిపోతుంటే ఆడవాళ్ళు తులసికోటకు అడ్డం నిలబడేవాళ్ళు. క్లాసులో నేను ఎత్తబోయిన పూలకుండీని ఎవరో మర్యాదగా పక్కకు జరిపారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను చుట్ట చుట్టనూ చుట్టాను, చెయ్యి కడగనూ లేదు. ఈ రెండో భాగానికి సామెత చెప్పకపోవడం పెద్దల తప్పు.

చిక్కుడు పాదు పందిరి ఎక్కే వేళకు ఒక సాయంత్రం, అమ్మా రూతమ్మత్తా ఇద్దరూ కలిసి, ముఖాలు చాలా గంభీరంగా పెట్టుకొని అరుగు దగ్గరకు వచ్చారు. నేను వ్యాసం రాసుకుంటున్నాను, మూఢనమ్మకాల మీదే.

“అబ్బయ్యా, నీతో చిన్న పనుండాది,” అంది రూతమ్మత్త.

“చెప్పత్తా.”

“మా చేలో సర్కారుతుమ్మ మొలిచింది. నరికినా వస్తాది, తగలబెట్టినా వస్తాది, వేళ్ళు పెకలించినా వస్తాది. ఎవరి వల్లా కాలేదు. నువ్వొక్కసారి వచ్చి...”

“వచ్చి?”

“ఊరికే చెయ్యి పెట్టి పోతే చాలు.”

అమ్మ అందుకుంది: “చుట్ట చుట్టుకొనే రారా. చెయ్యి కడగబాకు.”

అంతే. ఇద్దరూ అంతసేపు బిగబట్టిన నవ్వు ఒక్కసారి తెగింది. ఒకరి భుజం మీద ఒకరు పడి, కళ్ళు తుడుచుకొని, మళ్ళీ నా ముఖం చూసి, మళ్ళీ పడి, పక్క వీధిదాకా వినబడేట్టు నవ్వారు. లోపల సుశీల నవ్వు కూడా కలిసింది.

వెళ్ళానా అంటారా? వెళ్ళాను. శాస్త్రం కోసం వెళ్ళాను. తుమ్మను గట్టిగా రెండు చేతులా తడిమి, ముళ్ళు గుచ్చుకొని వచ్చాను. అది చావలేదు సరికదా, తర్వాతి వానకు నా ఎత్తు దాటింది. కలుపు పెరిగినందుకు ఆనందంతో ఇంటికి పరుగెత్తుకొచ్చిన మనిషి భూమ్మీద నేనొక్కడినే అయ్యుంటాను. “చూశారా! నా చేతిలో ఏ దోషమూ లేదు!” అని ఎలుగెత్తి చెప్పాను. “పాపం, మంచివాటికే ఆ చెయ్యి సోకుతాది,” అని వీధి తీర్మానించింది.

కాబట్టి మహాజనులారా, నిండు సభలో, సాక్షిగా ఏ దేవుణ్ణీ పిలవకుండా, నా సొంత పూచీ మీద ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ ఊపిరి ఉన్నంతవరకూ ఏ టమాటా ఆకుకూ నాడి పట్టను. ఏ మచ్చకూ పేరు పెట్టను. పెట్టక తప్పని పరిస్థితే వస్తే, ముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కొని, ఆ కడుక్కున్న చేతుల్ని వెనక్కి కట్టుకొని, గోడకు అవతల నిలబడి, గట్టిగా మాట్లాడతాను. నోటి వల్ల ఏ మొక్కకూ తెగులు సోకినట్టు శాస్త్రం ఇంతవరకూ చెప్పలేదు. చెప్పినరోజున అది కూడా మానేస్తాను.